మిరపకాయల షెడ్డులో మెటల్ కచేరీ

నేను జన్మలో ఒకే ఒక్క మెటల్ కచేరీకి వెళ్ళాను. విన్నాను అనడం కంటే పీల్చాను అనడం న్యాయం. ఇప్పటికీ ఎక్కడైనా ఆ రకం గిటారు మోగితే, చెవుల కంటే ముందు నాకు ముక్కు కారుతుంది.

రెండువేల సంవత్సరం దాటిన అయిదారేళ్ళకి జరిగిన సంగతి. గుంటూరు పక్కన ఒక ఇంజనీరింగ్ కాలేజీలో ఆఖరి పరీక్షలు రాసి, ఫలితాలు రాకుండా ఉంటే బాగుండునని కోరుకుంటూ హాస్టల్లోనే ఉండిపోయిన రోజులు. నా గదిలో ఉండేవాడు దర్శి దగ్గర పల్లెటూరివాడు, మిరప రైతు కొడుకు. మొదటి ఏడాది వచ్చినప్పుడు వాడి దగ్గర ఒక ట్రంకుపెట్టె, ఒక గోంగూర సీసా, ఒక కొబ్బరినూనె డబ్బా ఉండేవి. మనిషి శుభ్రంగా ఉండేవాడు. రెండో ఏడాదిలో నెట్ సెంటర్ నుంచి ఒక ఎంపీత్రీ సీడీ పట్టుకొచ్చాడు. దాని మీద స్కెచ్ పెన్నుతో ‘ప్రోగ్రెసివ్ పవర్ మెటల్’ అని రాసి ఉంది. ఆ సీడీ విన్న మర్నాటి నుంచి వాడు నూనె మానేశాడు.

నూనె మానేస్తే సరిపోతుందా. అంతకు ముందు పద్దెనిమిదేళ్ళు పట్టించిన నూనె ఎక్కడికి పోతుంది? జుట్టు భుజాల దాకా పెంచాడు కానీ అది ఎంత ఊపినా విడిపోయేది కాదు. తడిసిన గోనెపట్టాలాగా ఒకే ముద్దగా అటోసారి, ఇటోసారి ఊగేది. గదిలో ఆ వాసన, దాని మీద వారానికొకసారి ఉతికే నల్ల టీషర్టు వాసన. ఆ టీషర్టు మీద చెమట ఆరిన తెల్లటి గీతలు వరసగా ఉండేవి. ఏ గీత ఏ వారానిదో నేను చూసి చెప్పగలిగేవాణ్ణి.

ఆ సంగీతం తెలియని అదృష్టవంతుల కోసం నాలుగు ముక్కలు. పాట అంటే కనీసం పది నిమిషాలు. అందులో ఒక కోట, ఒక కత్తి, రెక్కలున్న ఒక పెద్ద పాము ఉండి తీరాలి. డ్రమ్ములవాడు చేతులు చాలక రెండు కాళ్ళతో కూడా కొడతాడు, కుట్టుమిషను తొక్కినట్టు. పాడేవాడు తలుపు సందులో వేలు పడ్డట్టు పై స్థాయిలో అరుస్తాడు. అది పవర్. పాట బాగానే పోతోంది కదా అనుకునేలోపు దాని లెక్క మారిపోతుంది. నాలుగు కొట్టాల్సిన చోట ఏడు కొడతారు, ఏడు కొట్టాల్సిన చోట ఆగి మన మొహాలు చూస్తారు. అది ప్రోగ్రెసివ్. ఈ రెండు జబ్బులూ అయిదుగురికి ఒకేసారి వస్తే దాన్ని బ్యాండు అంటారు. మా బ్యాచ్‌లో అయిదుగురికి వచ్చింది. మావాడు అందులో గిటారు వాయించి పాడేవాడు.

నాకు ఆ చప్పుడంటే రోత. వాడు సాధన చేస్తుంటే నేను మెస్సుకి పోయి, అక్కడి సాంబారు వాసన భరిస్తూ కూర్చునేవాణ్ణి. మా మెస్సు సాంబారు ఎరిగినవాళ్ళకి ఆ పాటలు ఎలాంటివో ఈ ఒక్క మాటతో తెలిసిపోతుంది.

ఏప్రిల్లో, పరీక్షలకి ముందు, మావాడి నాన్న మిరపకాయలు గుంటూరు మార్కెట్ యార్డుకి తెచ్చి, పనిలో పనిగా హాస్టలుకొచ్చాడు. మంచం మీద గిటారు చూశాడు.

“ఇదేందిరా?”

“గిటారు నాన్నా.”

“దీనికి వైరుందేంది?”

“కరెంటు మీద పనిచేసిద్ది.”

“మోటారు లాంటిదా?”

నేను పక్క మంచం మీద పడుకుని ఉన్నాను. ఊరుకోవచ్చు. ఊరుకుంటే నేనెందుకవుతాను? “మోటారైతే నీళ్ళన్నా వస్తయ్ బాబాయ్” అన్నాను.

ఆయన పకపకా నవ్వాడు. కండువాతో కళ్ళు తుడుచుకుని, నా మంచం మీదకి వచ్చి కూర్చున్నాడు. ఆ ఒక్క మాటతో నేను ఆయన దృష్టిలో లోకం తెలిసినవాణ్ణి అయిపోయాను. మా ఇంట్లో ఇరవై ఏళ్ళుగా సంపాదించలేని పేరది.

అప్పుడు మావాడు అసలు సంగతి బయట పెట్టాడు. పరీక్షలయ్యాక ఉద్యోగం చూసుకోడట. అయిదుగురూ కలిసి బెంగుళూరు పోయి ఒక ఏడాది బ్యాండు నడుపుతారట. వాళ్ళ నాన్న మాత్రం వాణ్ణి గుంటూరు యార్డులో, వాళ్ళ మేనమామ కమీషను కొట్లో కూర్చోబెట్టాలని ఎప్పుడో అనుకున్నాడు. అరుపులు, కేకలు ఉంటాయనుకుని నేను లేచి గోడకానుకుని కూర్చున్నాను. ఏమీ జరగలేదు. ఆయన గిటారు తీగని ఒక వేలితో మీటి చూసి, వేలు పంచెకి తుడుచుకున్నాడు.

“మీ పాట ఒకసారి నేనొచ్చి చూస్తా. అది సంగీతమైతే ఏడాది నీ ఇష్టం, నే మాట్టాడను. కాకపోతే ఇది అటకెక్కుద్ది, నువ్వు కొట్లో కూర్చోవాల. సరేనా?”

“సంగీతమో కాదో నీకెట్టా తెలుసుద్ది నాన్నా?”

“నాకు తెలవదు. ఈ అబ్బాయినడుగుతా.” ఆయన నా మోకాలి మీద చెయ్యేశాడు. “ఉన్నదున్నట్టు చెప్పే రకం.”

మావాడు నా వైపు చూసిన చూపు గుర్తుంది. దొంగ చేతికి తాళం ఇస్తున్నప్పుడు ఇంటివాడు అలాగే చూస్తాడు.

ఆయన్ని బస్సెక్కించి వచ్చాక నా ఎదురుగా కూర్చుని అన్నాడు. “ఒరేయ్. నాలుగేళ్ళు నా మీద జోకులేశావ్, పడ్డా. ఆ ఒక్క పూట నోరు కట్టేసుకోరా. బాగుంది అను, చాలు. మూడక్షరాలు. బా, గుం, ది.”

“అంతేగా,” అన్నాను. 

“ఒట్టెయ్యి.”

“మీ రెక్కల పాము మీదొట్టు.”

వాడు నవ్వలేదు. నేనే నవ్వుకున్నాను.

కాలేజీవాళ్ళు ఆడిటోరియం ఇవ్వలేదు. అంతకు ముందు వార్షికోత్సవంలో వీళ్ళు మైకు సరిచూసుకుంటుండగానే ఫ్యూజు పోయి, నాట్యానికి సిద్ధమైన అమ్మాయిలు మేకప్పుతో చీకట్లో గంటసేపు కూర్చున్నారు. ఇక మిగిలింది డ్రమ్ములవాడి మేనమామ షెడ్డు. నరసరావుపేట రోడ్డు మీద, ఎండుమిరపకాయలకి తొడిమలు తీయించే రేకుల షెడ్డు. ఒక పెద్ద తలుపు తప్ప కిటికీ అన్నది లేదు. సీజను అయిపోయింది కాబట్టి ఖాళీగా ఉంది. జూన్ నెల, మృగశిర వచ్చింది కానీ వాన రాలేదు. ఆ వారం అక్కడ త్రీఫేజు కరెంటు మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా. కాబట్టి పవర్ మెటల్‌కి పవర్ ఆ మూడు గంటలే. రేకుల కింద, మిట్టమధ్యాహ్నం, నల్ల బట్టలతో.

పిలుపు కరపత్రం తెలుగులో ఉండాలన్నారు. షెడ్డు యజమానికీ, వాళ్ళ నాన్నకీ ఇంగ్లీషు రాదు. రాసే పని నా నెత్తిన పడింది. నేను శ్రద్ధగా ఒక్కో మాటా తెలుగు చేశాను. ‘అభ్యుదయ విద్యుత్ లోహ సంగీత కచేరీ. అందరూ ఆహ్వానితులే.’ చదివి నవ్వుతారనుకున్నాను. వాళ్ళు గంభీరంగా తలూపి అచ్చుకిచ్చారు. దాని ఫలితంగా కచేరీ రోజు విద్యుత్తు అన్న మాట చూసి ఒక లైన్‌మాన్ వచ్చాడు, అది తమ సంఘం మీటింగేమోనని. కచేరీ అన్న మాట విని పక్క గోడౌన్లో పనిచేసే ఆడవాళ్ళు ఎనిమిది మంది అన్నాల క్యారేజీలతో సహా వచ్చి కూర్చున్నారు.

అసలు తప్పు అంతకు ముందు రోజే జరిగిపోయింది. షెడ్డు ఊడ్చాం. నేను కూడా ఊడ్చాను. నేల మీద ఎర్రటి పొడి, ముక్కలైన తొడిమలు, గింజలు, ఎలకల పెంటికలు, మూడు నెలల చెమట పీల్చుకున్న గోతాలు. ఒక గోతం ఎత్తితే కింద ఎలక చచ్చి, ఎండి, మిరపకాయల మధ్య తనూ ఒక కాయలాగా ఒదిగిపోయి ఉంది. డ్రమ్ములవాడు దాన్ని చూసి ఇది మెటల్ అన్నాడు. నేను బయటికెళ్ళి ఉమ్మేసి వచ్చాను.

వాకిట్లో కూర్చున్న వాచ్‌మన్ భార్య లోపలికి తొంగిచూసి, “అయ్యా, నీళ్ళు జల్లి ఊడవండి,” అంది.

“వైర్లున్నయమ్మా. షాక్ కొడుద్ది,” అన్నాడు డ్రమ్ములవాడు.

ఇక్కడ ఒకమాట చెప్పాలి. అక్కడున్న ఆరుగురం మిరప పండే ఊళ్ళ పిల్లలమే. ఎండుకారం పొడిగా ఊడిస్తే ఏమవుతుందో మాకు నడక రాకముందే తెలుసు. మా ఇళ్ళలో ఏ ముసలమ్మా నీళ్ళు చిలకరించకుండా చీపురు పట్టదు. కానీ నాలుగేళ్ళు ఎలక్ట్రికల్ ఇంజనీరింగు వెలగబెట్టాం కదా, కారం సంగతి మరిచిపోయి వైరు సంగతి గుర్తుపెట్టుకున్నాం. పొడిగానే ఊడ్చి, ఆ ఎర్రటి కుప్పని స్టేజి వెనక మూలకి తోసి, పైన ఒక పట్టా కప్పాం. పైన దూలాల మీదా రేకుల మడతల్లోనూ ఏళ్ళ తరబడి పేరుకున్నది ఉంది. దాని జోలికి ఎవరూ పోలేదు. ఆ కుప్ప ముందు ఒక పెద్ద ఫ్యాను నిలబెట్టారు. వడ్లు తూర్పారబట్టే ఫ్యాను. వీడియోల్లో పాడేవాడి జుట్టు గాలికి ఎగురుతుందట, మావాడి జుట్టూ ఎగరాలట. ఆ గోనెపట్టాని ఎగరేయాలంటే వడ్ల ఫ్యాను ఉండాల్సిందేనని నేనూ ఒప్పుకున్నాను.

వాళ్ళ నాన్న పన్నెండున్నరకే వచ్చాడు. దర్శి నుంచి రెండు బస్సులు మారి వచ్చాడు. ఉతికిన తెల్ల పంచె, తెల్ల చొక్కా, మడత నలగని కండువా. గుడికో పెళ్ళికో వచ్చినట్టు వచ్చాడు. ముందు వరసలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. ఆయన పక్కన కూర్చుని, జరుగుతున్నదేమిటో చెప్పడం నా పని.

ఆయన స్టేజి వైపు చూడలేదు. పైకి, రేకుల వైపు చూశాడు. తర్వాత ఆ ఫ్యాను వైపు చూశాడు.

“నీళ్ళు జల్లి ఊడ్చారా?”

“లేదు బాబాయ్. వైర్లున్నయని పొడిగానే.”

ఆయన భుజం మీద కండువా తీసి, నాలుగు మడతలు పెట్టి, ఒళ్ళో సిద్ధంగా ఉంచుకున్నాడు.

“ఇంతకీ మెటలంటే కంకరేగా అబ్బాయ్?”

“ఆ మెటల్ కాదు బాబాయ్. ఇనుము, ఆ రకం.”

“దాచేపల్లి అవతల మా బావమరిదికి కంకర మిషను ఉంది. దాన్ని మెటలంటారు.”

“మీరు దానికి అలవాటు పడితే ఇదీ పర్లేదు,” అన్నాను. ఆయన నవ్వాడు. వైర్లు సర్దుకుంటున్న మావాడు స్టేజి మీద నుంచే నాకు వేలు చూపించి బెదిరించాడు.

రెండింటికి అరవై మంది దాకా పోగయ్యారు. సగం మంది మా జూనియర్లు. రాకపోతే మా పాత రికార్డు బుక్కులు కాపీకి ఇవ్వం అని బెదిరించి తెచ్చుకున్న అభిమానులు. అందరూ నల్ల టీషర్టుల్లో ఉన్నారు. రేకు కాగి కింద గాలి పెనం మీద పెట్టినట్టుంది. చంకల్లోంచి, కాలర్ల నుంచి, కాళ్ళకేసుకున్న బూట్ల నుంచి వాసన లేస్తోంది. నా వెనక ఒకడు పులిహోర పొట్లం విప్పాడు, ఆ నిమ్మకాయ పులుపు కూడా అందులో కలిసింది. గోతాల ముక్కవాసన అన్నింటి కింద తివాచీలా పరుచుకుని ఉంది.

మొదటి దెబ్బ పడింది. నా పక్కటెముకలు లెక్కపెట్టుకోవచ్చు, ఒక్కొక్కటీ విడివిడిగా అదిరింది. రేకులు గలగలమన్నాయి. వెనక కూర్చున్న ఆడవాళ్ళలో ఒకావిడ క్యారేజీ మూత పెట్టేసి, లేచి నిలబడి చూసింది.

“ఏందమ్మా ఆ అరుపు? ఆ పిల్లోడికేమన్నా తేలు కుట్టిందా?”

“ఇంకా పాట మొదలవలేదు, గొంతు సవరించుకుంటున్నాడు,” అని లైన్‌మాన్ సర్ది చెప్పాడు.

అది పాటే. మావాడు సొంతంగా కట్టిన పాట, పదిహేడు నిమిషాలు. రెక్కల పాము రాజ్యాన్ని కాల్చేస్తుంటే ఒక వీరుడు ఒంటరిగా ఎదురు నిలుస్తాడు. ఇంగ్లీషులో రాశాడు కానీ పలికేది దర్శి ఇంగ్లీషు, కాబట్టి వీరుడు మా వైపు మనిషిలాగే వినిపించాడు. నాలుగో నిమిషంలో పాట ఠక్కున ఆగింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఇద్దరు ఆడవాళ్ళు చీరలు దులుపుకుని లేచారు. పాట మళ్ళీ మొదలైంది. వాళ్ళు కూర్చున్నారు. ఆరో నిమిషంలో మళ్ళీ ఆగింది.

“అయిపోయిందా?” అన్నాడు వాళ్ళ నాన్న.

“లేదు బాబాయ్. ఇప్పుడు కోట కాలింది. ఇంకా మనుషులు కాలాలి.”

“మరి వీడెవరు అందులో?”

“మనవాడే కాపాడేవాడు.”

“ఫైరింజను లేదా ఆ ఊళ్ళో?”

నేను నవ్వాపుకోలేక దగ్గాను. దగ్గు ఆగలేదు. అప్పుడు తెలిసింది అది నవ్వు వల్ల వచ్చిన దగ్గు కాదని.

పైకి చూశాను. రేకు సందుల్లోంచి పడుతున్న ఎండ చారల్లో ఎర్రటి పొగలాంటిది మెల్లగా దిగుతోంది. డ్రమ్ములవాడు రెండు కాళ్ళతో కొట్టిన ప్రతి దెబ్బకీ దూలాల మీద నుంచి ఒక్కో పొర జారుతోంది. అంతలో మావాడి సైగ చూసి ఎవరో ఫ్యాను స్విచ్ వేశారు. వెనక మూల పట్టా ఎగిరిపోయింది. నిన్న మేం పొడిగా ఊడ్చి దాచిపెట్టిందంతా ఒక్కసారిగా లేచి, గాయకుడి జుట్టు మీదుగా జనం మీదకి వచ్చింది. వాడి జుట్టు మాత్రం ఎగరలేదు.

అరవై మంది ఒకేసారి తుమ్మితే ఎలా ఉంటుందో మీరు చూసి ఉండరు. చూడొద్దు. మూసిన షెడ్డులో, ఆ వేడిలో, ముందు వరస మీద వెనక వరస తుమ్ముతుంది. నా మెడ మీద పులిహోర మెతుకులు పడ్డాయి. జూనియర్లు తలలు ముందుకీ వెనక్కీ విసురుతున్నారు. మెటల్ కచేరీల్లో తల అలాగే ఊపాలని మావాడు వాళ్ళకి నేర్పాడు. అందుకని స్టేజి మీద వాళ్ళకి ఇది అభిమానమని రెండు నిమిషాల దాకా భ్రమ ఉంది. ఇంకా హుషారుగా కొట్టారు. ఇంకా కారం దిగింది. ముక్కుల నుంచి కారేదానికి అడ్డూ ఆపూ లేదు. టీషర్టుతో తుడుచుకున్నవాడికి టీషర్టుకున్న కారం కళ్ళలో పడింది. ఒకడు గోడకి తల ఆనించి వాంతి చేసుకున్నాడు. లైన్‌మాన్ టోపీలో మొహం పెట్టుకున్నాడు. ఆడవాళ్ళు మాత్రం కొంగు ముక్కుకి చుట్టుకుని, క్యారేజీలు తీసుకుని, తొందరపడకుండా వరసగా బయటికి నడిచారు. వాళ్ళకిది రోజూ ఉండేదే.

నేను లేచాను. వాళ్ళ నాన్న నా మణికట్టు పట్టుకుని కూర్చోబెట్టాడు. కండువా ఎప్పుడో ముక్కుకి కట్టుకున్నాడు. ఒక్క తుమ్ము లేదు, ఒక్క దగ్గు లేదు.

“కూర్చో. వాడింకా పాడుతున్నాడు.”

“మీకు ఘాటెక్కట్లేదా బాబాయ్?”

“మిరపకాయల్లో ఉండేవాడికి రెండేళ్ళకి ముక్కు చచ్చిపోద్ది. కూర్చో.”

స్టేజి మీద కీబోర్డువాడు ముందు దూకాడు. తర్వాత ఇంకో గిటారువాడు. డ్రమ్ములవాడు ఒక కాలు ఆపి, రెండో కాలూ ఆపి, పుల్లలు పట్టుకునే తలుపు వైపు పరిగెత్తాడు. బేసువాడు ఎప్పుడు పోయాడో ఎవరూ చూడలేదు. బేసువాణ్ణి ఉన్నప్పుడూ ఎవరూ చూడలేదు. మావాడొక్కడే మిగిలాడు. కళ్ళు మూసుకుపోయాయి, పై పెదవి మీద చీమిడి మెరుస్తోంది. వీరుడు ఇంకా ఎదురు నిలిచే ఉన్నాడు. నాకది చూడబుద్ధి కాలేదు. సిగ్గుండాలి కదా, ఆపెయ్యొచ్చు కదా అనిపించింది.

అప్పుడు కరెంటు పోయింది. నాలుగింటి దాకా ఉండాల్సింది రెండుంబావుకే పోయింది. ఫ్యాను ఆగింది, స్పీకర్లు చచ్చాయి. గిటారు తీగలు టింగుమని ఇనప చువ్వల్లా మోగి ఊరుకున్నాయి. మావాడు ఆపలేదు. పాటలో ఆఖరి భాగం మిగిలి ఉంది, దాన్ని మైకు లేకుండా వట్టి గొంతుతో పాడాడు. గొంతు కారానికి బొంగురుపోయింది కాబట్టి ఆ పై స్థాయి అందలేదు. కింది స్థాయిలో, మామూలు మనిషి పాడినట్టు పాడాడు. నాలుగేళ్ళు ఒకే గదిలో ఉన్నాను, వాడి గొంతు నేను వినడం అదే మొదలు. అది బాగుంది. చీమిడి కారుతున్నా, నాకు అక్కడి నుంచి పారిపోవాలని ఉన్నా, అది బాగుంది.

పాట ముగిసింది. జనమంతా ఎప్పుడో బయటపడ్డారు, షెడ్డులో వాళ్ళ నాన్న, నేను, టోపీలో మొహం పెట్టుకున్న లైన్‌మాన్ ఉన్నాం. ఆయన కండువా విప్పాడు.

“పని మధ్యలో వదల్లేదు,” అన్నాడు తనలో తను. తర్వాత నా వైపు తిరిగాడు. “చెప్పబ్బాయ్. ఎట్టా ఉంది?”

మావాడు అయిదు గజాల దూరంలో ఉన్నాడు. కళ్ళు తెరవలేక చేతులతో తడుముకుంటూ స్టేజి అంచు మీద కూర్చున్నాడు. తల మా వైపుకి వంచి వింటున్నాడు.

మూడక్షరాలు. నోట్లో ఉన్నాయి. కానీ ఆయన మొహంలో ఒక నవ్వు ఎదురుచూస్తూ ఉంది, మొదటి రోజు మోటారు జోకు దగ్గర పుట్టిన నవ్వు. నాకు నవ్వు సిద్ధంగా ఉన్న మొహం కనిపిస్తే ఆగలేని రోగం.

“కంకర మిషన్లో పందిపిల్ల పడ్డట్టుంది బాబాయ్.”

ఆయన నవ్వాడు. కుర్చీ చేతులు పట్టుకుని, ముందుకి వంగి, ఊపిరి అందనంతగా నవ్వాడు. నోరు తెరిచి నవ్వడంతో కారం లోపలికి పోయి, ఆ రోజు మొదటిసారి ఆయనకి దగ్గొచ్చింది. దగ్గుతూ నవ్వాడు. టోపీలోంచి లైన్‌మాన్ కూడా నవ్వాడు. స్టేజి అంచున మావాడు కూడా కొంచెం నవ్వాడు. నా జోకులకి నవ్వడం వాడికి నాలుగేళ్ళ అలవాటు.

“పందిపిల్ల,” అని ఇంకోసారి అనుకుని, ఆయన కళ్ళు తుడుచుకుని లేచాడు. “సరే. అయిపోయింది.”

మావాడు బయటికొచ్చి తొట్టి దగ్గర మొహాన నీళ్ళు కొట్టుకోబోయాడు. వాళ్ళ నాన్న షెడ్డులోంచే అరిచాడు. “నీళ్ళు కాదురా ఎదవా! మిరప రైతు కడుపున ఎట్టా పుట్టావురా!” వాచ్‌మన్ భార్య దగ్గర కొబ్బరినూనె అడిగి తెచ్చి, కొడుకుని కింద కూర్చోబెట్టి, బొటనవేలితో రెప్పల చుట్టూ, ముక్కు చుట్టూ మెల్లగా రాశాడు. మిగిలిన నూనె తలకి పట్టించాడు. మావాడు తల వంచుకుని కూర్చున్నాడు. రెండో ఏడాది తర్వాత ఆ తలకి నూనె తగలడం అదే.

గిటారుని ఆయనే తీసి, వైరు చుట్ట చుట్టి, ఒక ఖాళీ గోతంలో పెట్టి, పురికొసతో మూతి కుట్టినట్టు కట్టాడు. బస్సెక్కేముందు నా భుజం తట్టి, ఉన్నదున్నట్టు చెప్పావన్నాడు. మావాడు ఆ గోతం పట్టుకుని కిటికీ పక్కన కూర్చున్నాడు. నా వైపు చూశాడో లేదో తెలీదు. రెప్పలు వాచి ఉన్నాయి. నేను ఆ సాయంత్రం సబ్బు అరిగేదాకా స్నానం చేశాను. ముక్కు కడిగితే మూడు రోజుల దాకా ఎర్రగానే వచ్చింది.

మూడేళ్ళ తర్వాత ఏదో పని మీద గుంటూరు వెళ్ళి యార్డులో ఆగాను. కమీషను కొట్లో గోతాల మధ్య వాడున్నాడు. జుట్టు కత్తిరించి, నూనె రాసి, పక్క పాపిడి తీశాడు. మనిషి మళ్ళీ శుభ్రంగా ఉన్నాడు. చూసి నేను సంతోషించాల్సింది.

“రారా,” అన్నాడు. టీ తెప్పించాడు. అంతలో ఒక రైతు మచ్చు కాయలు పట్టుకొచ్చి, మావాణ్ణి ఎగాదిగా చూసి, “కంకర మిషనబ్బాయివి నువ్వేగా?” అన్నాడు.

“నేనే బాబాయ్,” అన్నాడు మావాడు మామూలుగా. రైతు వెళ్ళాక నాతో చెప్పాడు. “మా నాన్న చెప్పని ఊరు లేదు. పెళ్ళిళ్ళలో కూడా చెప్తాడు. బాగా నవ్వుతారు.”

“గిటారేదిరా?”

“అటక మీదుంది. వైరు ఎలకలు కొరికినయ్.”

ఒక కాయ తీసి విరిచి, గింజ, రంగు చూసి పక్కన పడేశాడు. రెండో చెయ్యి ఊరికే ఉండలేదు, గోతం మీద వేళ్ళతో కొడుతున్నాడు. ఏడు కొట్టి ఆగుతున్నాడు, మళ్ళీ ఏడు. ప్రతి దెబ్బకీ గోతంలోంచి ఎర్రటి దుమ్ము లేస్తోంది. 

చెప్పేద్దామనుకున్నాను. ఆ రోజు కరెంటు పోయాక పాడింది. బా, గుం, ది.

“ఒరేయ్, ఆ రోజు చివర్లో... బాగుం...” 

తుమ్ము వచ్చింది. ఒకటి కాదు, వరసగా ఎనిమిది. ముక్కు కారి, కళ్ళు కారి, టీ గ్లాసులో కూడా పడింది. ఆ టీ చూస్తే నాకే అసహ్యం వేసింది.

“ఏందిరా అంటున్నావ్?”

“ఏం లేదు.”

“నీకు ఘాటు పడదు. బయటికెళ్ళి నుంచో పో,” అన్నాడు. లోపల దుమ్ము లేస్తూనే ఉంది. వాడు దాని మధ్యలో కూర్చుని, ఇంకో కాయ విరిచి, ముక్కు దగ్గర పెట్టుకుని తాపీగా వాసన చూశాడు. ఒక్క తుమ్ము కూడా రాలేదు.